రాత్రి పదకొండుకి ట్రైన్‌లో ఛార్జింగ్ ఎందుకు ఆగుతుంది? పెనుకొండ లైన్‌లో మూడు ప్రమాదాల కథ

హిందూపురం నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చాను. పెనుకొండ గురించి ఎపిసోడ్ చేస్తానని చెప్పి చాలా రోజులైంది. మీరంతా కోట గురించి, గగన్ మహల్ గురించి అనుకునింటారు. అది తర్వాత చేద్దాం. ఈ రోజు పెనుకొండలో మనం పోయేది కోట దగ్గరికి కాదు, రైల్వే స్టేషన్ దగ్గరికి.

ముందు ఒక చిన్న సంగతి. ఆమధ్య కాచిగూడ నుంచి రాత్రి బండిలో ఇంటికి వస్తున్నా. నాది సైడ్ లోయర్. ఎదురుగా ఇంజనీరింగ్ చదివే పిల్లోడు ఒకడు, ఫోన్‌లో నాలుగు పర్సెంట్ ఉంది. పదకొండు దాటింది. ప్లగ్గులో ఛార్జర్ పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. ఇంకో బే లోకి పోయి ట్రై చేసి వచ్చినాడు. ఎక్కడా కరెంట్ రాలేదు. టీటీఈ అటు వస్తే అడిగినాడు.

"సార్, ప్లగ్గు పని చేయట్లేదు."

"రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా రాదు తమ్ముడూ. రూలు."

"ఎందుకు సార్?"

"ఏమో. పైనుంచి వచ్చింది."

ఆయన తప్పేం లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లోడు రైల్వేని నాలుగు మాటలని పడుకున్నాడు. బండి ధర్మవరం దాటింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ "పైనుంచి వచ్చింది" అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అది వచ్చింది మా పక్కనున్న కొత్తచెరువు నుంచి.

2013 డిసెంబర్ 28. బెంగళూరు నుంచి నాందేడ్ పోయే ఎక్స్‌ప్రెస్. తెల్లవారుజామున మూడు దాటినాక, కొత్తచెరువు దగ్గర, బీ1 ఏసీ బోగీలో మంటలు లేచాయి. ఏసీ బోగీ అంటే అద్దాలన్నీ బిగించి ఉంటాయి, పరదాలు ఉంటాయి, అందరూ దుప్పటి కప్పుకుని గాఢ నిద్రలో ఉంటారు. పొగ వస్తే పోవడానికి దారి లేదు. 26 మంది చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రి మల్లికార్జున ఖర్గే. షార్ట్ సర్క్యూట్ అయ్యుండొచ్చని మొదట అన్నారు. అప్పట్లో ఇది అనంతపురం జిల్లా. ఆ పొద్దున ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు, అది నాకు బాగా గుర్తుంది.

ఆ ప్రమాదం తర్వాత, 2014లో, రైల్వే సేఫ్టీ కమిషనర్ కొన్ని సిఫార్సులు చేశారు. అందులో ఒకటి ఏమిటంటే, జనం నిద్రపోయే టైంలో, రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా, ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు మెయిన్ స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయాలి. ఖర్చు లేని పని. కొత్త పరికరం కొనక్కర్లేదు, టెండర్ పిలవక్కర్లేదు. ఒక స్విచ్ కట్టేయడం, అంతే. రైల్వే బోర్డు కూడా సరేనని అన్ని జోన్లకు ఆర్డర్లు పంపింది.

మరి అమలు? 2021 మార్చి 13న ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ పోయే శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌లో ఒక బోగీ తగలబడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నెలలోనే పశ్చిమ రైల్వే రాత్రి ఛార్జింగ్ ఆపడం మొదలుపెట్టింది. పేపర్లలో "రైల్వే కొత్త రూలు" అని వార్తలు. అధికారులేమో "ఇది కొత్తది కాదు, పాత ఆదేశాలే మళ్లీ గుర్తు చేస్తున్నాం" అన్నారు. అంటే కొత్తచెరువు దగ్గర 26 మంది పోయినాక రాసిన ఒక వాక్యం ప్లగ్గు దాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. అది కూడా ఇంకో బోగీ కాలితే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఒక మనిషి ప్రమాదంలో పోతే, "ఇట్లా ఇంకొకరు పోకూడదంటే ఏం చేయాలి" అని అధికారికంగా అడిగేది ఎవరు?

ఇంగ్లండ్‌లో దానికి కరోనర్ అని ఒక అధికారి ఉంటాడు. అనుమానాస్పదంగా, అసహజంగా ఎవరైనా చనిపోతే విచారణ చేస్తాడు. 2009లో వాళ్లు తెచ్చుకున్న చట్టం ప్రకారం, ఇదే కారణంతో ఇంకా మరణాలు జరిగే ప్రమాదం ఉందని కరోనర్‌కి అనిపిస్తే, సంబంధించిన సంస్థకు రిపోర్టు రాయాలి. అది ఆస్పత్రి కావచ్చు, రోడ్ల శాఖ కావచ్చు, జైలు కావచ్చు. ఆ సంస్థ 56 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రిపోర్టు, జవాబు రెండూ వెబ్‌సైట్‌లో పెడతారు. అక్కడ అంతా బాగుందని నేను చెప్పట్లేదు. జవాబు ఇవ్వాలి గానీ చెప్పింది చేసి తీరాలని లేదు. చేశారా లేదా అని వెనకపడే పని కూడా కరోనర్‌ది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మనకు కూడా కరోనర్లు ఉండేవాళ్లు, తెలుసా? బ్రిటిష్ వాళ్లు 1871లో కరోనర్ల చట్టం తెచ్చారు. కానీ అది కలకత్తా, బొంబాయి లాంటి పెద్ద పట్నాలకే. బొంబాయిలో ఆ పదవి 1999 దాకా నడిచి ఆగిపోయింది. హిందూపురం, పెనుకొండ లాంటి ఊళ్లకు అది ఏనాడూ రాలేదు. మన దగ్గర పోలీసు పంచనామానే. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 174, ఇప్పుడు 2024 జూలై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 194. పంచనామాలో ఏం రాస్తారు? చనిపోయింది ఎవరు, ఒంటి మీద గాయాలేమిటి, పైకి కనిపించే కారణం ఏమిటి. ఇద్దరో, అంతకంటే ఎక్కువమందో స్థానిక పెద్దమనుషులు సంతకం పెడతారు. రేపు ఇంకొకరు పోకుండా ఏం చేయాలన్న గడి ఆ కాగితంలో లేనే లేదు.

ఒక్క రైల్వేలో మాత్రం ఆ గడి ఉంది. అదెట్లా వచ్చిందో చూద్దాం, ఎందుకంటే ఇది నిజంగా ఆసక్తికరమైన కథ.

1937 జూలైలో బీహార్‌లో పాట్నా దగ్గర బిహ్టా అనే చోట ఒక రైలు పట్టాలు తప్పి వంద మందికి పైగా పోయారు. ఆ రకం ఇంజన్ల మీద, వాటిని పసిఫిక్ ఇంజన్లు అంటారు, అప్పటికే ఫిర్యాదులున్నాయి. విచారణకు ఒక కమిటీ వేశారు. బ్రిటన్‌లో రైల్వే తనిఖీల పెద్ద అధికారి కల్నల్ మౌంట్ దానికి అధ్యక్షుడు. ఆ కమిటీ ఇంజన్ల గురించి చెప్పడంతో ఆగలేదు. ఇంకో మాట కూడా చెప్పింది: రైల్వేని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు రైల్వే బోర్డు కిందే ఉంటే ఎట్లా? మామ మీద అల్లుడు తీర్పు చెప్పినట్టు ఉంటుంది కదా! (మౌంట్ గారు ఇట్లా అనలేదు లెండి, ఇది నా మాట.) 1941 మేలో ఆ ఇన్‌స్పెక్టర్లను రైల్వే బోర్డు నుంచి విడదీసి తపాలా, విమానాల శాఖ కింద పెట్టారు. 1961లో దానికి కమిషన్ ఆఫ్ రైల్వే సేఫ్టీ అని పేరు వచ్చింది. హెడ్డాఫీసు లక్నో. ఈ రోజుకీ అది రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద ఉంది. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది గానీ, కారణం ఇదీ.

ఈ సంస్థలో అసలు విషయం ఏమిటంటే, కమిషనర్ విచారిస్తాడు, కారణం చెప్తాడు, సిఫార్సు చేస్తాడు. సిఫార్సు మాత్రమే. ఒప్పుకోవడమా లేదా అన్నది రైల్వే ఇష్టం. రిపోర్టుల్లో చాలావాటిని పూర్తిగా మామూలు జనం ముందు పెట్టరు. 56 రోజుల లెక్క లాంటిది, జనానికి బహిరంగంగా జవాబు చెప్పాలన్నది, ఇక్కడ లేదు.

ఇప్పుడు పెనుకొండ స్టేషన్‌కి పోదాం.

2012 మే 22. తెల్లవారుజామున మూడుంబావు. హుబ్బళ్లి నుంచి బెంగళూరు పోయే హంపి ఎక్స్‌ప్రెస్. పెనుకొండ స్టేషన్‌లో ఒక గూడ్స్ బండి ఆగి ఉంది. హంపి ఎక్స్‌ప్రెస్ రెడ్ సిగ్నల్ దాటి వచ్చి దాన్ని గుద్దింది. ఇంజన్ వెనక బోగీలు నుజ్జునుజ్జు అయ్యాయి, ఒక దాంట్లో మంటలు లేచాయి. 25 మంది పోయారు. నలభై మందికి పైగా గాయాలు. ఇంజన్ వెనకాల జనరల్ బోగీలో ఎక్కేది ఎవరో మనకు తెలుసు. రిజర్వేషన్ దొరకనివాళ్లు, రిజర్వేషన్‌కి డబ్బుల్లేనివాళ్లు. మా ఊరి నుంచి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు కూడా అట్లాగే పోతారు. నేనూ పోయినా, చాలాసార్లు.

ఇట్లాంటి ప్రమాదం జరిగితే వెంటనే వినిపించే మాట "డ్రైవర్ నిద్రపోయాడు". నిజంగా తప్పు డ్రైవర్‌దే అనుకుందాం. తెల్లవారుజామున మూడు గంటలకు మనిషి కన్ను మూతపడితే బండిని ఆపే ఏర్పాటు ఇంకేదైనా ఉండాలా, వద్దా? ఈ ప్రశ్న పెనుకొండ తర్వాత పుట్టింది కాదు. పెనుకొండకు మూడు నెలల ముందే జవాబుతో సహా రైల్వే టేబుల్ మీద ఉంది.

అణు శాస్త్రవేత్త అనిల్ కకోద్కర్ పేరు మీరు వినింటారు. రైల్వే భద్రత మీద ఆయన అధ్యక్షతన కమిటీ వేశారు. 2012 ఫిబ్రవరి 17న రిపోర్టు ఇచ్చారు. దేశంలో ముఖ్యమైన 19,000 కిలోమీటర్ల లైన్ మీద, డ్రైవర్ సిగ్నల్ దాటినా బండిని ఆపగల ఆధునిక సిగ్నలింగ్ ఐదేళ్లలో పెట్టండి, 20,000 కోట్లు అవుతుంది అని అందులో ఉంది. మొత్తం భద్రతకు ఐదేళ్లలో లక్ష కోట్లు కావాలన్నారు. ఇంకోటి కూడా చెప్పారు. రైల్వే బోర్డుతో సంబంధం లేని, చట్టబద్ధమైన రైల్వే సేఫ్టీ అథారిటీ ఒకటి పెట్టండి అని. అంటే 1939లో మౌంట్ చెప్పిన మాటే, ఇంకా గట్టిగా.

సరిగ్గా మూడు నెలలకు పెనుకొండ. ఇంకో రెండు నెలలకు, జూలై 30న, నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో ఎస్11 బోగీ కాలిపోయింది, ముప్పై మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది కొత్తచెరువు.

ఆ 19,000 కిలోమీటర్ల సంగతి ఏమైందంటారా? మన దేశంలోనే తయారైన వ్యవస్థ, ఇప్పుడు మీరు కవచ్ అని వింటున్నది, దాని ట్రయల్స్ ఎక్కువగా జరిగింది మన తెలుగు నేల మీదే. దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి, వికారాబాద్ వైపు. 2016 ఫిబ్రవరిలో ప్యాసింజర్ రైళ్లతో ట్రయల్ మొదలైంది. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ తానే ఇంజన్ ఎక్కి, ఎదురుగా ఇంకో ఇంజన్ ఉండగా బండి దానంతటదే ఆగడం చూపించారు. ఆ వీడియో మీ అందరికీ వచ్చే ఉంటుంది. బాగుంది. నేనూ షేర్ చేశా. కానీ 2023 జూన్‌లో ఒడిశా బాలాసోర్ ప్రమాదం జరిగే నాటికి దేశం మొత్తం మీద కవచ్ ఉన్నది 1,465 కిలోమీటర్లు. అడిగింది ఐదేళ్లలో 19,000. వచ్చింది పదకొండేళ్లలో 1,465. అదే ఏడాది అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజర్‌ను వెనక నుంచి ఇంకో ప్యాసింజర్ గుద్దింది. 14 మంది. అక్కడ కవచ్ లేదు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. బాలాసోర్‌ను కవచ్ ఆపేది కాదని రైల్వే అప్పుడే చెప్పింది. అక్కడ కారణం వేరే. సిగ్నల్ వైరింగ్ తప్పు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి గ్రీన్ ఇచ్చి, పాయింట్లు మాత్రం గూడ్స్ ఆగి ఉన్న లూప్ లైన్ వైపు తిరిగి ఉన్నాయి. 290 మందికి పైగా పోయారు. సేఫ్టీ కమిషనర్ రిపోర్టులో ఒక చోట చదివి నేను ఫోన్ కింద పెట్టేశా. ఏడాది ముందు, 2022 మే 16న, అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో బాంక్రానయాబాజ్ స్టేషన్ దగ్గర ఇట్లాంటి తప్పు వైరింగ్‌తోనే సిగ్నల్ సమస్య వచ్చింది. అప్పుడే సరిచేసి ఉంటే బాలాసోర్ జరిగేది కాదని కమిషనర్ రాశారు.

ఇంకా మనకు దగ్గరిది ఉంది. మా హిందూపురం, పెనుకొండ స్టేషన్లు నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్ కింద వస్తాయి. అదే నైరుతి రైల్వేలో, మైసూరు డివిజన్‌లో, హొసదుర్గ రోడ్ స్టేషన్ దగ్గర 2023 ఫిబ్రవరి 8న సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నల్ ఒక లైన్‌కి వచ్చింది, పాయింటు ఇంకో లైన్‌కి ఉంది. డ్రైవర్ చూసి ఆపాడు. ఒక్కరికీ గీత పడలేదు. కాబట్టి అది పెద్ద వార్త కాలేదు. ఆ జోన్ పెద్ద ఆపరేషన్స్ అధికారి మాత్రం మరుసటి రోజే లెటర్ రాశారు: సిస్టంలో తీవ్రమైన లోపం ఉంది, వెంటనే సరిచేయకపోతే పెద్ద ప్రమాదాలు జరుగుతాయి అన్న అర్థంలో. నాలుగు నెలలకు బాలాసోర్.

నిద్రపోయిన డ్రైవర్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడతాం. మేలుకొని ఉండి బండిని ఆపిన ఆ డ్రైవర్ పేరు ఎవరికైనా తెలుసా? నాకూ తెలియదు.

పెనుకొండ లైన్‌లో మూడోది మిగిలింది. 2015 ఆగస్ట్ 24. మళ్లీ అదే నాందేడ్ ఎక్స్‌ప్రెస్. పెనుకొండ దగ్గర మడకశిర రైల్వే గేటు. అర్ధరాత్రి దాటినాక గ్రానైట్ బండలు వేసుకొచ్చిన లారీ ఒకటి గేటును గుద్దుకుని పోయే రైలుకు తగిలింది. బోగీ మీద గ్రానైట్ బండ పడింది. కర్ణాటక దేవదుర్గ ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్‌తో పాటు కనీసం ఐదుగురు చనిపోయారు.

ఈ కేసు చిక్కుగా ఉంటుంది. రైలు తప్పు లేదు, సిగ్నల్ తప్పు లేదు, గేటు ఉంది. లారీ బ్రేకులు చూడాల్సింది రవాణా శాఖ. ఎంత బరువు వేశారో చూడాల్సింది కూడా వాళ్లు, గనుల వాళ్లు. రోడ్డు వాలు ఇంకో శాఖది. గేటు రైల్వేది. రైల్వే సేఫ్టీ కమిషనర్ ఏం రాసినా రైల్వేకే రాయాలి. మా వైపు గ్రానైట్ లారీలు రాత్రిపూట ఎట్లా పోతాయో మడకశిర రోడ్డులో బైక్ నడిపిన ఎవరినైనా అడగండి. ఆ లారీల గురించి రవాణా శాఖకు రాసి, 56 రోజుల్లో జవాబు చెప్పు అని అడిగే అధికారి మన వ్యవస్థలో ఎక్కడున్నాడు? రోడ్డు మీద పోయే ప్రాణానికి పంచనామానే దిక్కు.

అసలు ఏదీ అమలు కాలేదని అనుకోవద్దు, అది అబద్ధం. కాపలా లేని గేట్లు చూడండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూల్ బస్సును రైలు గుద్దింది. పదిహేను మందికి పైగా పసిపిల్లలు. అట్లాంటి గేట్లు తీసేయమని కకోద్కర్‌తో సహా ఎన్నో కమిటీలు చెప్పాయి. చివరికి తీసేశారు. 2019 జనవరి ఆఖరుకు బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేటు ఒక్కటీ లేదని రైల్వే ప్రకటించింది. పాత ఐసీఎఫ్ బోగీల తయారీ 2018లో ఆపేసి, గుద్దుకున్నా ఒకదాని మీద ఒకటి ఎక్కని ఎల్‌హెచ్‌బీ బోగీలు చేస్తున్నారు. ఏసీ బోగీల్లో పొగను పసిగట్టే పరికరాలు వచ్చాయి. ఇవన్నీ నిజమైన మార్పులు, ప్రాణాలు కాపాడినవి.

నాకు తోచిన తేడా ఇది. గేట్లు లెక్కపెట్టగలం. ఇన్ని ఉన్నాయి, ఇన్ని తీశాం అని పార్లమెంటులో ఎంపీలు ప్రతి ఏడూ అడిగారు. అంకె తగ్గుతూ వచ్చింది, సున్నా అయ్యింది. రాత్రి ఛార్జింగ్ ఆపారా లేదా అని ఎవరూ లెక్క అడగలేదు, అందుకే రూపాయి ఖర్చు లేని పనికి ఏడేళ్లు పట్టింది. అంటే డబ్బు ఒక్కటే కారణం కాదు.

డబ్బు సంగతి కూడా చెప్తా, నవ్వొద్దు. 2017లో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అని ఐదేళ్లకు లక్ష కోట్ల నిధి పెట్టారు. కకోద్కర్ చెప్పిన అంకే. 2022లో కాగ్ రిపోర్టు వచ్చింది, పట్టాలు తప్పిన ప్రమాదాల మీద. ఆ నిధి నుంచి కొన్ని చోట్ల కాళ్లు నొక్కే మెషీన్లు, కప్పులు, సాసర్లు, ఫర్నిచర్ కొన్నారని అందులో తేలింది. ఇంతకంటే ముఖ్యమైన విషయం అదే రిపోర్టులో ఉంది, దాన్ని ఎవరూ మీమ్ చేయలేదు. ప్రమాదాల విచారణ రిపోర్టుల్లో 63 శాతం గడువులోగా పై అధికారికి చేరలేదు. చేరినవాటిని ఒప్పుకోవడంలో 49 శాతం ఆలస్యం. రిపోర్టే టేబుల్ మీదికి రాకపోతే అమలు మాట ఎక్కడిది?

ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా, ఇంగ్లండ్ కరోనర్ కూడా ఎవరినీ బలవంతం చేయలేడని. అయినా అక్కడ చనిపోయిన మనిషి తల్లి ఒక వెబ్‌సైట్ తెరిచి, తన బిడ్డ పేరు మీద ఎవరికి ఏం రాశారో, వాళ్లు ఏం జవాబు చెప్పారో చదువుకోగలదు. జవాబు చెత్తగా ఉంటే పేపర్‌కి ఎక్కొచ్చు, కోర్టుకు పోవచ్చు. హంపి ఎక్స్‌ప్రెస్‌లో పోయిన 25 మంది ఇళ్లకు ఎక్స్‌గ్రేషియా చెక్కులు పోయింటాయి. "మీ వాళ్లు పోయినందుకు మేం ఇదిగో ఈ పనులు చేస్తాం, ఈ తేదీకి" అని ఒక్క కాగితం వాళ్లకు పోయుంటుందా? అట్లా పంపాలన్న నియమమే లేదు. నాకు కావాల్సింది పెద్దదేం కాదు. ప్రతి సేఫ్టీ కమిషనర్ రిపోర్టు, దాని కింద ఒక్కో సిఫార్సుకు రైల్వే జవాబు, చేస్తాం లేదా చేయం, చేస్తే ఏ తేదీకి, ఒక వెబ్ పేజీలో, తెలుగులో కూడా. బండి ఎక్కడుందో నిమిషం నిమిషం ఫోన్‌లో చూపించే రైల్వేకి ఇది కష్టమైన పనా?

ఆ రాత్రి మా బండి పెనుకొండ మీదుగా పోయేటప్పుడు ఆ పిల్లోడు మేలుకున్నాడు. "అన్నా, టైం ఎంత?" అన్నాడు. వాడి ఫోన్ చచ్చిపోయింది. చెప్పినా. ఇంక ఎట్లాగూ నిద్ర పోదని ప్లగ్గు కథ మొత్తం చెప్పినా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కిటికీలోంచి స్టేషన్ లైట్లు చూస్తూ, "ఇక్కడేనా అన్నా?" అన్నాడు. "ఇక్కడ ఒకటి. ఇంకోటి వెనక దాటేసినాం" అన్నా.

వచ్చే ఎపిసోడ్ కూడా రైల్వేదే. 1954లో జనగామ దగ్గర, 1956లో మహబూబ్‌నగర్ దగ్గర, 2005లో వలిగొండ దగ్గర. మూడు చోట్లా వాన నీళ్లు, మూడు చోట్లా వంతెన లేదా కట్ట, మూడు చోట్లా వంద మందికి పైగా. మహబూబ్‌నగర్ తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటే నెహ్రూ వద్దన్నారు. ఆ రాజీనామా కథ అందరికీ తెలుసు. చెరువు కట్టల గురించి అప్పుడు ఎవరు ఏం రాశారో, దాన్ని ఎవరు చదివారో అది చూద్దాం. ఉంటా మరి.